ఐదడుగుల ఆరంగుళాల సెంటర్ హాఫ్

పదిహేనేళ్ల కుర్రాడు ఆటగాడవుతాడో లేదో ఎవరైనా చెప్పగలరు. వాడు ఇరవయ్యేళ్లకు ఎంత ఎత్తుంటాడో చెప్పడమే అసలు విద్య. ఆ విద్య నాకు బాగా వచ్చని బ్రాకెన్‌షా ఊరంతా నమ్మేది. అందరికంటే ఎక్కువగా నేను నమ్మాను.

మోకాలి చిప్ప పగిలి నా ఆట ఆగిపోయాక మా ఫుట్‌బాల్ క్లబ్బువాళ్లు నాకు ఈ పని అప్పగించారు. చుట్టుపక్కల బొగ్గుగని ఊళ్లన్నీ తిరిగి, వానలో నిలబడి, పనికొచ్చే కుర్రాళ్లను ఏరుకురావాలి. పిల్లాడి ఆట చూసే ముందు వాడి తండ్రిని చూడడం మా ఉత్తరాది క్లబ్బుల్లో పాత అలవాటు. తండ్రి భుజాలు ఎంత వెడల్పు, మణికట్టు ఎంత లావు, తల్లి కూడా వస్తే ఆవిడ ఎముక పుష్టి ఎలా ఉంది, ఇవన్నీ చూసుకోవాలి. ఈ పని నా అంత శ్రద్ధగా చేసినవాడు ఇంకొకడు లేడు. ఒకసారి ఒక తండ్రి నన్ను మఫ్టీలో ఉన్న పోలీసు అనుకుని ఆట మధ్యలోనే గోడ దూకి పారిపోయాడు. వాడి ఎత్తు తెలుసుకోవడానికి ఆ గోడ చాలింది.

ఈ ఎత్తు గొడవంతా దేనికంటే, మా ఆట అలాంటిది. ఏప్రిల్ వచ్చేసరికి మైదానంలో గడ్డి నాలుగు మూలల్లో తప్ప ఎక్కడా మిగలదు. మధ్యంతా బురదే. అందులో బంతిని సుతారంగా నేలమీద నడిపించుకుంటూ వెళ్తానంటే కుదరదు, లేపి కొట్టాలి. లేచిన బంతి కోసం ఇద్దరు ఎగురుతారు. ఆ ఇద్దర్లో పైచేయి మావాడిది కావాలి. తోలు బంతి తడిస్తే ఇటుకంత బరువెక్కుతుంది. దాన్ని నుదుటితో ఇరవై గజాలు పంపించి, కిందపడి, లేచి, మళ్లీ పరిగెత్తేవాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. సముద్రం అవతలి జట్లు ఒకటి రెండు మా ఊరొచ్చి సరదా మ్యాచ్‌లు ఆడి వెళ్లాయి. ముచ్చటగా ఆడారు, కాదనను. కానీ మూడు గోల్స్ వెనకబడి, పది నిమిషాలే మిగిలినా, అప్పుడే ఆట మొదలైనట్టు పరిగెత్తడం మావాళ్ల దగ్గరే చూశాను. దాన్ని మించిన అందం నాకు తెలియదు.

యాభై ఎనిమిది నవంబరులో క్లఫ్ ఎండ్ అనే గని ఊళ్లో కాలిన్ ఆర్మరాడ్‌ను మొదటిసారి చూశాను. పదిహేనేళ్లవాడు. సెంటర్ హాఫ్, అంటే గోల్ ముందు నడిమధ్యన గోడలా నిలబడాల్సిన మనిషి. ఎత్తు చూస్తే ఐదడుగుల ఐదంగుళాలు. అవతలివాళ్లు వాడికంటే తలకాయెత్తు పొడవున్నారు. అయినా గాల్లోకి లేచిన ప్రతి బంతీ వాడి నుదుటికే తగులుతోంది. ఇద్దరు ముగ్గురి కంటే ముందే ఎగిరి, అక్కడే కాసేపు ఆగినట్టు ఉండేవాడు. ఇదంతా నా కళ్లతో చూశాను. చూసి కూడా లెక్కచెయ్యలేదు. నా సిగ్గంతా అక్కడే ఉంది.

ఎందుకంటే అప్పటికే నా చూపు గట్టుమీదికి పోయింది. అక్కడ ఒక మనిషి కాదు, ఒక బీరువా నిలబడి ఉంది. ఆరడుగుల మూడంగుళాలు ఉంటాడు, భుజాలు తలుపుకు అడ్డంగా పడతాయి. ఆట ఆగగానే కాలిన్ పరిగెత్తుకెళ్లి నాన్నా, మంచినీళ్లు అన్నాడు. అంతే. నేను జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాను: ఇప్పుడు పొట్టి, తండ్రి ఆరడుగుల మూడు, రెండేళ్లలో ఎదుగుతాడు, తప్పక తీసుకోవాలి. ఆ నీళ్లసీసా పట్టుకున్న మనిషి పేరు వాల్టర్ ఆర్మరాడ్. వెళ్లి కరచాలనం చేశాను. నా చెయ్యి ఆయన చేతిలో కనబడకుండా పోయింది.

అలా కాలిన్ మా క్లబ్బులో చేరాడు. పొద్దున జనం నిలబడే మెట్లు ఊడ్చి, పెద్దవాళ్ల బూట్లకు కొవ్వు పట్టించి, మధ్యాహ్నం ఆడుకునేవాడు. ప్రతి ఆగస్టులో ఆట మొదలయ్యే ముందు మా ట్రైనర్ టెడ్ అందర్నీ వరసగా తలుపు చట్రానికి ఆనించి పెన్సిలుతో ఎత్తు గీసేవాడు. రెండో ఏడు కాలిన్ గీత అరంగుళం పైకి జరిగింది. మూడో ఏడు ఇంకో అరంగుళం. ఆ తర్వాత జరగనని మొండికేసింది. తోటివాళ్లు వాడి బూట్లలో గుర్రపు లద్దె నింపి పెట్టారు, మొక్కకు ఎరువేస్తే పెరగదా అని. వాడు నవ్వుతూ బూట్లు దులుపుకుని, పెరిగానంటే ముందు మిమ్మల్నే తొక్కుతానని చెప్పాడు. బాస్ మాత్రం నవ్వలేదు. బాస్ అంటే మా జట్టు మేనేజరు ఫెల్టన్. మనిషి చెడ్డవాడు కాదు గానీ, ఓపిక బొత్తిగా తక్కువ. కనబడినప్పుడల్లా నీ తాటిచెట్టు ఎప్పుడు మొలుస్తుందయ్యా అని నన్నడిగేవాడు.

అరవై రెండు జనవరిలో ఆ పోరు పడలేక క్లఫ్ ఎండ్ బస్సెక్కాను. వాళ్ల వంశంలో ఎవరెవరు ఎప్పుడు పెరిగారో కనుక్కుందామని. కాలిన్ తల్లి హిల్డా కూర్చోబెట్టి టీ పోసింది. నిప్పుగూడు మీద ఒక ఫొటో ఉంది. పెళ్లి ఫొటో. అందులో పెళ్లికూతురు హిల్డాయే, పెళ్లికొడుకు మాత్రం వాల్టర్ కాదు. సైనికుడి బట్టల్లో, ఆవిడ చెవిదాకా వచ్చే ఒక చిన్న మనిషి.  ఆవిడ మామూలుగానే చెప్పింది, అతను కాలిన్ కన్నతండ్రి జిమ్ అని, కాలిన్‌కు ఏడాది నిండకుండానే ఇటలీ యుద్ధంలో పోయాడని. పొట్టివాడు కదా, ట్యాంకులో సులువుగా పడతాడని దాంట్లో వేశారట. ఆ తర్వాత రెండేళ్లకు వాల్టర్‌ను చేసుకుందట. పిల్లాడికి ఊహ తెలిసినప్పటినుంచీ నాన్న అంటే వాల్టరేనట.

అంతలో వాల్టర్ గనినుంచి వచ్చాడు. నేను ఫొటో చూస్తున్నది చూశాడు. హిల్డాను వంటింట్లోకి పంపి, నా ఎదురుగా కూర్చున్నాడు. కుర్చీ మూలిగింది.

"నువ్వు నన్ను చూస్తున్నావని ఆ రోజే తెలుసు ఆల్బర్ట్. పిల్లాడి ఆట మానేసి నా భుజాలు కొలుస్తున్నావ్. అందుకని ఇంకాస్త నిటారుగా నిలబడ్డా."

నాకు ఒళ్లు మండిపోయింది. "మూడేళ్లపాటు నన్ను వెర్రివెధవని చేశావు గదయ్యా."

"నువ్వడగలా. నేను చెప్పలా." ఆయన చేతులకేసి చూసుకున్నాడు. "మా తమ్ముణ్ణి గని కిందనించి బయటికి మోసుకొచ్చింది ఈ చేతులే. పిల్లాణ్ణి కిందికి దింపనని హిల్డాకి మాటిచ్చా. మే నెల్లో మీరు పేర్లు పెడతారు గదా, అందులో వాడి పేరు లేకపోతే సోమవారం నాతోపాటు దిగాల్సిందే. ఇక్కడ ఇంకో పని లేదు. మీ బాస్‌తో చెప్పొద్దు. నిన్నెప్పుడూ ఏమీ అడగలా, ఇదొక్కటి అడుగుతున్నా."

ప్రతి మే నెలలో వచ్చే ఏడాదికి ఎవర్ని ఉంచుకుంటున్నారో ఒక కాగితం మీద రాసి తలుపుకు గుచ్చుతారు. పేరున్నవాడికి ఇంకో ఏడాది ఆట, లేనివాడు తన బూట్లు తను తీసుకుని వెళ్లిపోవాలి. నేను తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి తిట్టుకుంటూ వచ్చాను, ఎవర్ని తిడుతున్నానో నాకే తెలియకుండా. మర్నాడు బాస్ అడిగితే, వాళ్లింట్లో ఆలస్యంగా పెరుగుతారట, తండ్రి కూడా పంతొమ్మిదో ఏట పెరిగాడట అని చెప్పాను. వాల్టర్ మీద జాలితో చెప్పానని అనుకోవాలని ఉంది. నిజానికి సగం నా పరువు కోసమే చెప్పాను.

ఏప్రిల్ చివరి శనివారం మా మైదానంలో ఆఖరి మ్యాచ్, మార్స్‌ఫర్డ్ జట్టుతో. మాకు పోయేదీ వచ్చేదీ లేదు. వాళ్లు మాత్రం ఓడకుండా ఉంటే పై డివిజన్‌కు, అంటే ఇంకా పెద్ద జట్ల పోటీలోకి, వెళ్తారు. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ జెఫ్ టాటర్‌సాల్ ఆ ఏడు ముప్పై ఒక్క గోల్స్ కొట్టాడు, అందులో పందొమ్మిది తలతోనే. ఆరడుగుల రెండంగుళాలు. గురువారం మా సెంటర్ హాఫ్‌కు గవదబిళ్లలు వచ్చాయి. శుక్రవారం అతని బదులు ఆడాల్సినవాడికీ వచ్చాయి. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు మరి.

బాస్ నన్ను గదిలోకి పిలిచి పేర్ల కాగితం చూపించాడు. కాలిన్ పేరు లేదు. ఇక ఆగలేను, ఆశ లేదు అన్నాడు. రేపు వాణ్ణే ఆడిస్తాను, ఇంకెవరూ లేరు గనక, పాపం పోయేముందు ఒక్క మ్యాచ్ ఆడుకుని పోతాడు అన్నాడు. ఆ కాగితం సంగతి కాలిన్‌కు తెలియదు. వాల్టర్‌కూ తెలియదు. 

శనివారం వాన పొద్దుటినుంచే పట్టుకుంది. ఎనిమిది వేలమంది వచ్చారు. మార్స్‌ఫర్డ్ వాళ్లు రెండువేలమంది గరగర చప్పుడు చేసే చెక్క గిలకలు తిప్పుకుంటూ ఒక పక్కంతా నిండిపోయారు. మావాళ్లు మైదానంలోకి వస్తుంటే కాలిన్‌ను చూసి ఆ పక్కన నవ్వులు మొదలయ్యాయి. స్కూలు సోమవారం కదా, ఇవాళ ఎందుకొచ్చావని ఒకడు అరిచాడు. నేను మెట్లమీద వాల్టర్ పక్కన నిలబడ్డాను.  ఆయన చేతిలో మాంసం కూరిన రొట్టె చల్లబడిపోయింది, కొరకలేదు.

మొదటి అరగంట ఘోరం. కుడివైపునుంచి బంతి లేస్తుంది, టాటర్‌సాల్ లేస్తాడు, కాలిన్ వాడి చంకలోకి దూరినట్టు కనబడతాడు. ఇరవయ్యో నిమిషంలో టాటర్‌సాల్ తలతో కొట్టిన బంతి వల చింపినంత పని చేసింది. నా పక్కవాడెవడో, స్టూలు వేసి ఇవ్వండిరా అన్నాడు. వాల్టర్ వాడివైపు మెల్లగా తల తిప్పాడు. వాడు రెండు మెట్లు కిందికి దిగాడు.

ఆ తర్వాతే కాలిన్ ఏదో పట్టుకున్నాడు. నేను మూడేళ్ల కిందట చూసి వదిలేసినదే. టాటర్‌సాల్‌తో పాటు ఎగరడం మానేశాడు. వాడికంటే ఒక అడుగు ముందుకు జరిగి, వాడు మోకాళ్లు వంచుతుండగానే తను గాల్లో ఉండేవాడు. టాటర్‌సాల్ లేచేసరికి బంతి లేదు, అప్పటికే మా ఎడమవైపు ఆటగాడి కాళ్ల దగ్గర ఉంది. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. ఎగరడం కుదరకపోతే వెనక్కి తగ్గి, బంతి కింద పడ్డచోట ముందే కాపుకాసేవాడు. పొట్టివాడు కదా, ఆ బురదలో తిరగడం వాడికి ఒక్క అడుగు పని. ఆ పొడుగువాడికి మూడడుగులు పట్టేది.  మా ఆటంతా ఎత్తులోనే ఉందని ఇరవయ్యేళ్లు ఊరూరా చెప్పుకుని తిరిగాను నేను. కాదు, ఇక్కడ ఉంది. బంతి ఎక్కడ పడుతుందో అక్కడికి, దెబ్బ తగులుతుందని తెలిసీ, ముందు వెళ్లేవాడి గుండెలో ఉంది.

రెండో సగం మొదట్లో టాటర్‌సాల్ మోచెయ్యి తగిలి కాలిన్ కనుబొమ్మ చిట్లింది. కావాలని కొట్టింది కాదు, ఇద్దరూ ఒకే బంతికి వెళ్లారు. మొహమంతా నెత్తురు. టెడ్ బకెట్టుతో పరిగెత్తి, చన్నీళ్ల స్పాంజి అద్ది, తలకు గుడ్డ చుట్టి కట్టాడు. మార్చడానికి వేరే మనిషి ఉండే కాలం కాదు అది. బయటికొస్తే జట్టు పదిమందితో ఆడాలి. కాలిన్ కింద పడుకోలేదు, రెఫరీకేసి చెయ్యి చాపలేదు. గుడ్డ ముడి సరిచూసుకుని, తర్వాతి బంతికి అదే నుదుటితో వెళ్లాడు. మార్స్‌ఫర్డ్ పక్కన గిలకలు ఆగిపోయాయి. నవ్వులు అంతకుముందే ఆగాయి.

డెబ్భై నిమిషాలకు మావాళ్లు కార్నర్‌నుంచి ఒక గోల్ కొట్టి సమం చేశారు. ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు, బురదే కొట్టి ఉంటుంది. ఇక పది నిమిషాలుండగా టాటర్‌సాల్ మావాళ్లిద్దర్ని తప్పించుకుని ఒంటరిగా గోల్ మీదికి దూసుకుపోయాడు. కాలిన్ వెనక పడ్డాడు. పదిహేను గజాలు వెనక ఉన్నవాడు ఎలా అందుకున్నాడో తెలియదు. టాటర్‌సాల్ కాలు లేపే సమయానికి పక్కనుంచి బురదలో నిలువునా జారి వచ్చాడు. నీళ్లు రెక్కల్లా లేచాయి. బంతి ఒక్కటే, శుభ్రంగా, ఆ నీళ్లలోంచి బయటికొచ్చింది. టాటర్‌సాల్ వాడిమీదినుంచి గిరగిరా పల్టీ కొట్టాడు. ఎనిమిది వేలమంది విజిల్ కోసం ఊపిరి బిగబట్టారు. విజిల్ రాలేదు, రెఫరీ ఆడండని చెయ్యి ఊపాడు. టాటర్‌సాల్ లేచాడు. రెఫరీ వంక చూడనైనా లేదు. కిందున్న కాలిన్‌కు చెయ్యి అందించి ఒక్క గుంజుతో లేపాడు. ఇద్దరూ కలిసి బంతి వెనక పరిగెత్తారు.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ముందు మా పక్కన, తర్వాత మార్స్‌ఫర్డ్ పక్కన. గోల్ పడితే మావాళ్లు కేకలు వేస్తారు. బంతి లాక్కునే ఇలాంటి టాకిల్‌కు మాత్రం కేకలుండవు. టోపీ తీసినంత మర్యాదగా చప్పట్లు కొడతారు. ఆటను ప్రేమించడమంటే ఏమిటో నాకు తెలుసని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ చప్పట్లు వింటూ కళ్లు తుడుచుకున్నాను, వాన అని చెప్పుకోవడానికి వాన ఉండనే ఉంది. వాల్టర్ చప్పట్లు కొట్టలేదు. కంచె పట్టుకుని నిలబడ్డాడు.

ఆట ఒకటి ఒకటిగా ముగిసింది. మార్స్‌ఫర్డ్ పై డివిజన్‌కు వెళ్లింది. మావాళ్లు రెండు వరసల్లో నిలబడి వాళ్లను చప్పట్లతో లోపలికి పంపారు. టాటర్‌సాల్ ఆఖర్న కాలిన్ దగ్గర ఆగి, వాడి తలగుడ్డ మీద చెయ్యి వేసి ఏదో చెప్పి వెళ్లాడు.

పది నిమిషాల్లో బాస్ నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి పేర్ల కాగితం బల్లమీద పరిచి ఉంది, బాస్ చేతిలో పెన్ను. ముఖం వెలిగిపోతోంది. "ఆల్బర్ట్, వీడు ఆరడుగులైతే ఎలా ఉంటాడో ఊహించు. ఇంకో ఏడు ఉంచుదాం. పంతొమ్మిదో ఏట పెరుగుతారన్నావు గదా వాళ్లింట్లో."

అవునంటే అయిపోయేది. కాలిన్ పేరు పడేది, వాల్టర్ అడిగింది జరిగేది, నా పరువూ నిలిచేది. కానీ ఇంకో ఏడు వాణ్ణి చూసినప్పుడల్లా బాస్ లేని ఆరంగుళాల కోసం వెతుకుతాడు. ఉన్నదాన్ని చూడడు. నేను చూడనట్టే. మళ్లీ మే నెల వస్తుంది, మళ్లీ ఈ కాగితం. ఆ బురదలో వాడు చేసిందంతా, ఎప్పుడో పెరగబోయే ఇంకెవడికో జమకట్టేస్తారు. నాకది భరించరానిదిగా తోచింది.

వాడు పెరగడని చెప్పాను. వాల్టర్ కన్నతండ్రి కాదని, కన్నతండ్రి ట్యాంకులో పట్టేంత మనిషని, జనవరినుంచీ నాకు తెలిసే అబద్ధం చెప్పానని చెప్పాను. వాడి ఎత్తు ఇంతే, ఇవాళ చూసిందే మొత్తం, ఉంచుకుంటే దీన్నే ఉంచుకోవాలి అన్నాను.

బాస్ ముఖంలో వెలుగు పోయింది. పెన్ను కింద పెట్టాడు. లేచి కిటికీలోంచి మైదానం చూశాడు.

"నోరు మూసుకుంటే పోయేది గదా. ఇప్పుడెందుకు చెప్తున్నావ్?"

"ఇవాళే వాడి ఆట చూశాను బాస్. ఇన్నాళ్లూ చూడలేదు."

బాస్ మళ్లీ మైదానంకేసి తిరిగాడు. రెండో సగంలో టాటర్‌సాల్ గోల్ వైపు ఎన్నిసార్లు తలతో కొట్టాడని అడిగాడు, నన్నో, తననో. ఒక్కసారీ లేదు అన్నాను. లేదు, అన్నాడు తనూ. తర్వాత కూర్చుని, కాగితం దగ్గరికి లాక్కుని, అడుగున కాదు, రెండు పేర్ల మధ్య ఇరుకులో కాలిన్ ఆర్మరాడ్ అని రాశాడు. పక్కన సెంటర్ హాఫ్ అని కూడా రాశాడు. రాసి, ఇకమీదట తండ్రుల్ని చూడ్డం మానేసి బంతిని చూస్తే జీతం ఇస్తాను, పో అన్నాడు.

జనం వెళ్లిపోయారు. వాల్టర్ ఆటగాళ్ల గేటు పక్కన తడుస్తూ నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, చెప్పేశావా అని అడిగాడు. నా ముఖంలోనే కనబడి ఉంటుంది. చెప్పేశానన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"పేరు రాశారు వాల్టర్. అంతా విన్నాకే రాశారు. మీవాడు ఇంక పెరగక్కర్లేదు."

ఆ మనిషి గోడకు చెయ్యి ఆనించుకుని తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. నేను పక్కకు చూశాను. తర్వాత టోపీతో మొహం తుడుచుకున్నాడు. కాలిన్‌కు నేను వెళ్లి చెప్తానని రెండడుగులు వేశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు. నేనే చెప్తా."

ఆటగాళ్ల గేటు దగ్గర ముసలి కాపలావాడు ఉన్నాడు. మూడేళ్లలో వాల్టర్ ఆ గేటు దాటింది లేదు, ఎప్పుడూ బయటే నిలబడేవాడు. ఇంటివాళ్లు తప్ప లోపలికి వెళ్లకూడదు, మీరెవరని కాపలావాడు అడిగాడు. కాలిన్ వాళ్ల నాన్ననని చెప్పి, వాల్టర్ లోపలికి వెళ్లాడు.